లవణాల జలవిశ్లేషణ

లవణాల జలవిశ్లేషణ అనగా ఒక లవణాన్ని నీటిలో కరిగించినపుడు, దాని నుండి విడివడిన అయాన్లు నీటితో చర్య జరిపి ద్రావణానికి ఆమ్ల గుణాన్ని గాని, క్షార గుణాన్ని గాని కలిగించే ప్రక్రియ. ఆమ్లము, క్షారము తటస్థీకరణ చెందినపుడు లవణము, నీరు ఏర్పడతాయి. అందుచేత లవణ ద్రావణాలన్నీ తటస్థంగానే ఉంటాయని అనుకోవడం సహజం. వాస్తవం అది కాదు. వంటకు వాడే ఉప్పు (సోడియం క్లోరైడ్) ద్రావణం తటస్థంగా ఉంటుంది. బట్టల సోడా (సోడియం కార్బొనేట్) ద్రావణం చేతికి జారుడుగా తగిలే క్షార ద్రావణం. పటిక ద్రావణం నీలి లిట్మస్‌ను ఎర్రగా మార్చే ఆమ్ల ద్రావణం. ఈ మూడూ లవణాలే.

ఒక లవణం ఏ ఆమ్లం నుండి, ఏ క్షారం నుండి ఏర్పడిందో, ఆ రెండింటి బలాబలాలు ఎటువంటివో తెలిస్తే, దాని ద్రావణ స్వభావాన్ని చాలా సందర్భాలలో ప్రయోగం చేయకుండానే చెప్పవచ్చు. నేలల సంరక్షణ, తాగునీటి శుద్ధి, కాగితం తయారీ, ప్రయోగశాలలో అంశమాపనం వంటి అనేక విషయాలు ఈ సూత్రంపై ఆధారపడి ఉన్నాయి.

## నీటి స్వభావం

శుద్ధమైన నీటిలో అతి కొద్ది అణువులు మాత్రమే హైడ్రోజన్ అయాన్లుగా, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోతాయి. (హైడ్రోజన్ అయాన్ నీటిలో ఒంటరిగా ఉండదు, నీటి అణువుతో కలిసి హైడ్రోనియం అయాన్‌గా ఉంటుంది. సౌలభ్యం కోసం దానిని హైడ్రోజన్ అయాన్ అనే వ్యవహరిస్తారు.) 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ రెండు అయాన్ల గాఢతల లబ్ధం 1.0 × 10⁻¹⁴. దీనిని నీటి అయానిక లబ్ధం అంటారు.

- రెండు అయాన్ల గాఢతలు సమానమైతే ద్రావణం తటస్థం.
- హైడ్రోజన్ అయాన్లు ఎక్కువైతే ఆమ్ల ద్రావణం.
- హైడ్రాక్సైడ్ అయాన్లు ఎక్కువైతే క్షార ద్రావణం.

25 డిగ్రీల వద్ద తటస్థ ద్రావణపు పీహెచ్ విలువ 7. ఉష్ణోగ్రత పెరిగితే అయానిక లబ్ధం కూడా పెరుగుతుంది. 60 డిగ్రీల వద్ద తటస్థమైన నీటి పీహెచ్ సుమారు 6.5 మాత్రమే. కాబట్టి "7 అంటే తటస్థం" అనే మాట 25 డిగ్రీలకు వర్తించేదే గాని అన్ని ఉష్ణోగ్రతలకూ కాదు.

## చరిత్ర

మొక్కల రసాల రంగు మారడాన్ని బట్టి ఆమ్ల, క్షారాలను గుర్తించే పద్ధతిని రాబర్ట్ బాయిల్ రంగులపై 1664లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. లవణ ద్రావణాలలో కొన్ని ఆమ్లంగా, కొన్ని క్షారంగా ఎందుకు ప్రవర్తిస్తాయో వివరించడానికి అయాన్ల భావన అవసరమయింది. స్వీడన్‌కు చెందిన స్వాంటే అర్హీనియస్ 1884లో సమర్పించిన పరిశోధన వ్యాసంలో ఈ భావనకు పునాది వేసి, 1887లో విద్యుద్విశ్లేష్య వియోజన సిద్ధాంతాన్ని ప్రచురించాడు. 1903లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్‌సెన్ పీహెచ్ మానాన్ని ప్రవేశపెట్టాడు. 1923లో డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండులో లౌరీ వేర్వేరుగా ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం ప్రోటాన్‌ను ఇచ్చేది ఆమ్లం, స్వీకరించేది క్షారం. ఈ సిద్ధాంతం వచ్చాక జలవిశ్లేషణను ఒక ప్రత్యేక చర్యగా కాక, సాధారణ ఆమ్ల–క్షార చర్యగానే చూడడం సాధ్యమయింది.

## మూల సూత్రం

ఒక ఆమ్లం ప్రోటాన్‌ను కోల్పోయాక మిగిలే భాగాన్ని దాని సంయుగ్మ క్షారం అంటారు. ఆమ్లం ఎంత బలమైనదైతే దాని సంయుగ్మ క్షారం అంత బలహీనమైనది. లవణాల జలవిశ్లేషణకు ఇదే మూలం.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీటిలో పూర్తిగా విడిపోతుంది. అనగా క్లోరైడ్ అయాన్‌కు ప్రోటాన్‌ను తిరిగి పట్టుకొనే శక్తి లేదని అర్థం. అందుచేత సోడియం క్లోరైడ్ ద్రావణంలోని క్లోరైడ్ అయాన్ నీటి నుండి ప్రోటాన్‌ను తీసుకోదు. ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది, అధిక భాగం విడిపోకుండానే ఉంటుంది. కాబట్టి ఎసిటేట్ అయాన్‌కు ప్రోటాన్‌పై ఆకర్షణ ఉంది. అది నీటి నుండి ప్రోటాన్‌ను తీసుకొని హైడ్రాక్సైడ్ అయాన్‌ను మిగులుస్తుంది.

ఎసిటేట్ అయాన్ + నీరు ⇌ ఎసిటిక్ ఆమ్లం + హైడ్రాక్సైడ్ అయాన్

ఇదే విధంగా బలహీన క్షారమైన అమోనియా నుండి వచ్చిన అమోనియం అయాన్ నీటికి ప్రోటాన్‌ను ఇస్తుంది.

అమోనియం అయాన్ + నీరు ⇌ అమోనియా + హైడ్రోనియం అయాన్

సంగ్రహంగా చెప్పాలంటే, బలమైన ఆమ్లం లేదా బలమైన క్షారం నుండి వచ్చిన అయాన్ ప్రేక్షకుని వలె ఉండిపోతుంది. బలహీనమైన దాని నుండి వచ్చిన అయాన్ మాత్రమే నీటితో చర్య జరుపుతుంది.

## స్వభావాన్ని నిర్ణయించే పద్ధతి

మొదట లవణాన్ని ధన, రుణ అయాన్లుగా విడదీయాలి. తరువాత ధన అయాన్ ఏ క్షారానికి, రుణ అయాన్ ఏ ఆమ్లానికి చెందినదో గుర్తించాలి. దీనికి బలమైన వాటి పేర్లు గుర్తుంచుకుంటే చాలు, ఎందుకనగా అవి కొద్ది మాత్రమే.

- బలమైన ఆమ్లాలు: హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రోయోడిక్, నైట్రిక్ (నత్రికామ్లం), పర్‌క్లోరిక్, సల్ఫ్యూరిక్ (గంధకామ్లం) ఆమ్లాలు. చివరి దానిలో మొదటి ప్రోటాన్ మాత్రమే పూర్తిగా విడిపోతుంది.
- బలమైన క్షారాలు: లిథియం, సోడియం, పొటాషియం వంటి క్షార లోహాల హైడ్రాక్సైడ్లు, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం హైడ్రాక్సైడ్లు.

సాధారణంగా ఎదురయ్యే మిగిలిన ఆమ్ల, క్షారాలలో అధిక భాగాన్ని బలహీనమైనవిగా పరిగణించవచ్చు. దీనిని బట్టి లవణాలు నాలుగు తరగతులు.

### బలమైన ఆమ్లం, బలమైన క్షారం

సోడియం క్లోరైడ్, పొటాషియం నైట్రేట్, బేరియం క్లోరైడ్ మొదలైనవి. ఏ అయాన్ కూడా నీటితో చర్య జరపదు. ద్రావణం తటస్థం.

### బలహీన ఆమ్లం, బలమైన క్షారం

సోడియం ఎసిటేట్, సోడియం కార్బొనేట్, పొటాషియం సైనైడ్, సోడియం ఫ్లోరైడ్ మొదలైనవి. రుణ అయాన్ జలవిశ్లేషణ చెందుతుంది. ద్రావణం క్షార గుణం కలిగి ఉంటుంది.

### బలమైన ఆమ్లం, బలహీన క్షారం

అమోనియం క్లోరైడ్ (నవాసారం), అమోనియం సల్ఫేట్, అమోనియం నైట్రేట్ మొదలైనవి. ధన అయాన్ జలవిశ్లేషణ చెందుతుంది. ద్రావణం ఆమ్ల గుణం కలిగి ఉంటుంది.

### బలహీన ఆమ్లం, బలహీన క్షారం

ఈ తరగతిలో రెండు అయాన్లూ చర్య జరుపుతాయి. ఒకటి ఆమ్లం వైపు, మరొకటి క్షారం వైపు లాగుతాయి. ఏది బలమైనదో పేరును బట్టి చెప్పడం కుదరదు, స్థిరాంకాలను పోల్చి చూడాలి. ఇందుకు పీకేఏ అనే విలువ ఉపయోగపడుతుంది. పీకేఏ తక్కువైతే ఆమ్లం బలమైనది, ఎక్కువైతే బలహీనమైనది. అమోనియం అయాన్ పీకేఏ 9.25. ద్రావణపు పీహెచ్ సుమారుగా ఈ విలువకు, రుణ అయాన్‌కు చెందిన ఆమ్లపు పీకేఏకు సగటుగా ఉంటుంది.

- అమోనియం ఎసిటేట్: ఎసిటిక్ ఆమ్లం పీకేఏ 4.76. సగటు 7.0. ద్రావణం తటస్థం.
- అమోనియం సైనైడ్: హైడ్రోసైనిక్ ఆమ్లం పీకేఏ 9.21. సగటు 9.2. ద్రావణం క్షారం.
- అమోనియం ఫ్లోరైడ్: హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పీకేఏ 3.17. సగటు 6.2. ద్రావణం స్వల్పంగా ఆమ్లం.

అమోనియం ఎసిటేట్ తటస్థంగా ఉండడానికి కారణం జలవిశ్లేషణ జరగకపోవడం కాదు. రెండు అయాన్లూ దాదాపు సమానంగా చర్య జరపడం వలన ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తుంది. సోడియం క్లోరైడ్ తటస్థత్వానికి, దీని తటస్థత్వానికి ఉన్న తేడా ఇదే.

## ప్రత్యేక సందర్భాలు

పై నాలుగు తరగతుల నియమాన్ని యాంత్రికంగా అన్వయిస్తే పొరపాటు జరిగే లవణాలు రెండు రకాలు.

### ఆమ్ల లవణాలు

సోడియం బైకార్బొనేట్ (వంటసోడా), సోడియం బైసల్ఫేట్ వంటి లవణాల రుణ అయాన్‌లో విడిపోగల హైడ్రోజన్ ఇంకా మిగిలి ఉంటుంది. కావున అది ప్రోటాన్‌ను ఇవ్వనూ గలదు, పుచ్చుకోనూ గలదు. ఏ గుణం ప్రబలమో అదే ద్రావణ స్వభావం. "ఆమ్ల లవణం" అన్న పేరును బట్టి ద్రావణం ఆమ్లమని అనుకోరాదు.

బైకార్బొనేట్ విషయంలో కార్బానిక్ ఆమ్లపు రెండు పీకేఏ విలువలు 6.35, 10.33. వాటి సగటు సుమారు 8.3. అందువలన వంటసోడా ద్రావణం స్వల్పంగా క్షారం. ఫాస్ఫేట్లలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లపు పీకేఏ విలువలు 2.15, 7.20, 12.35. రెండు హైడ్రోజన్లు మిగిలి ఉన్న డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ ద్రావణపు పీహెచ్ 4.7కు దగ్గరగా ఉండి ఆమ్లమవుతుంది. ఒకే హైడ్రోజన్ మిగిలిన మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ ద్రావణపు పీహెచ్ 9.7కు దగ్గరగా ఉండి క్షారమవుతుంది. రెండూ సోడియం లవణాలే, రెండూ ఒకే ఆమ్లం నుండి వచ్చినవే.

బైసల్ఫేట్ విషయం వేరు. దాని మాతృ ఆమ్లమైన గంధకామ్లం బలమైనది కనుక, బైసల్ఫేట్ అయాన్‌కు ప్రోటాన్‌ను తిరిగి తీసుకొనే గుణం లేదు, ఇచ్చే గుణమే ఉంది. 0.1 మోలార్ సోడియం బైసల్ఫేట్ ద్రావణపు పీహెచ్ సుమారు 1.5.

### చిన్న పరిమాణం, అధిక ఆవేశం గల లోహ అయాన్లు

అల్యూమినియం, ఫెర్రిక్ అయాన్లలో హైడ్రోజన్ లేదు. అయినా వాటి ద్రావణాలు బలమైన ఆమ్ల గుణాన్ని చూపుతాయి. ఈ అయాన్లలో ఒక్కొక్కటి ఆరు నీటి అణువులను చుట్టూ పట్టుకొని ఉంటుంది. మూడు ధనావేశాలు గల చిన్న అయాన్ ఆ నీటి అణువుల ఎలక్ట్రాన్లను తన వైపు లాగుతుంది. దానితో ఆ అణువులోని ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం సడలి ప్రోటాన్ విడిపోతుంది. ఈ విధంగా చూస్తే జలయోజిత అల్యూమినియం అయాన్ పీకేఏ సుమారు 5. అనగా అది ఎసిటిక్ ఆమ్లంతో దాదాపు సమానమైన ఆమ్లం. ఫెర్రిక్ అయాన్ పీకేఏ సుమారు 2.2. అందుకే 0.1 మోలార్ ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణపు పీహెచ్ 2 కంటే తక్కువగా ఉంటుంది. సోడియం, పొటాషియం, బేరియం అయాన్లు పెద్దవి, ఆవేశం తక్కువ గలవి కాబట్టి వాటికి ఈ శక్తి లేదు.

## పీహెచ్ లెక్కించడం

ఉదాహరణకు 25 డిగ్రీల వద్ద 0.1 మోలార్ సోడియం ఎసిటేట్ ద్రావణాన్ని తీసుకుందాం.

1. ఎసిటిక్ ఆమ్లపు వియోజన స్థిరాంకం 1.8 × 10⁻⁵.
2. జలవిశ్లేషణ స్థిరాంకం = నీటి అయానిక లబ్ధం ÷ ఆమ్ల వియోజన స్థిరాంకం = 1.0 × 10⁻¹⁴ ÷ 1.8 × 10⁻⁵ = 5.6 × 10⁻¹⁰.
3. హైడ్రాక్సైడ్ అయాన్ గాఢత = (జలవిశ్లేషణ స్థిరాంకం × లవణ గాఢత) యొక్క వర్గమూలం = 7.5 × 10⁻⁶ మోలార్.
4. పీఓహెచ్ = 5.13. కావున పీహెచ్ = 14 − 5.13 = 8.87.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. లక్ష ఎసిటేట్ అయాన్లలో ఏడెనిమిది మాత్రమే జలవిశ్లేషణ చెందాయి. అయినా శుద్ధమైన నీటితో పోలిస్తే హైడ్రాక్సైడ్ అయాన్ గాఢత 75 రెట్లు అయింది. నీటిలో సహజంగా ఉండే అయాన్లు అంత తక్కువ కాబట్టే స్వల్పమైన చర్య కూడా ద్రావణ స్వభావాన్ని మార్చగలుగుతున్నది. కార్బొనేట్ అయాన్ ఇంతకంటే చాలా బలమైన క్షారం. అదే గాఢతలో నూటికి నాలుగైదు అయాన్లు చర్య జరుపుతాయి.

## కొన్ని లవణ ద్రావణాల పీహెచ్

క్రింది విలువలు 25 డిగ్రీల వద్ద 0.1 మోలార్ ద్రావణాలకు లెక్కించిన సుమారు విలువలు.

| లవణం | చర్య జరిపే అయాన్ | పీహెచ్ | స్వభావం |
|---|---|---|---|
| సోడియం క్లోరైడ్ | ఏదీ లేదు | 7.0 | తటస్థం |
| సోడియం ఎసిటేట్ | ఎసిటేట్ | 8.9 | క్షారం |
| సోడియం బైకార్బొనేట్ | బైకార్బొనేట్ | 8.3 | క్షారం |
| సోడియం కార్బొనేట్ | కార్బొనేట్ | 11.6 | క్షారం |
| అమోనియం క్లోరైడ్ | అమోనియం | 5.1 | ఆమ్లం |
| అమోనియం ఎసిటేట్ | రెండూ | 7.0 | తటస్థం |
| అల్యూమినియం క్లోరైడ్ | జలయోజిత అల్యూమినియం | 3.0 | ఆమ్లం |
| సోడియం బైసల్ఫేట్ | బైసల్ఫేట్ | 1.5 | ఆమ్లం |

## పరిశీలించే విధానం

లిట్మస్ కాగితం, సార్వత్రిక సూచిక, పీహెచ్ మీటరు సాధారణంగా వాడే సాధనాలు. ఇంటిలో లభించే వస్తువులతో కూడ పరిశీలించవచ్చు. పసుపు క్షారంలో ఎరుపెక్కుతుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేయడంలో కనిపించేది ఈ మార్పే. బట్టల సోడా ద్రావణంలో పసుపు ముదురు ఎరుపుకు మారుతుంది. అయితే పసుపు ఆమ్ల ద్రావణంలోను, తటస్థ ద్రావణంలోను పచ్చగానే ఉంటుంది కాబట్టి పటికను, ఉప్పును వేరు చేయలేదు. అందుకు మందార పూరేకుల రసం పనికివస్తుంది. ఇది ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చ రంగుకు మారుతుంది.

ప్రయోగంలో సోడియం క్లోరైడ్ ద్రావణపు పీహెచ్ 7 కాక 6కు దగ్గరగా, ఒక్కోసారి ఇంకా తక్కువగా రావడం కద్దు. ఇది లవణం వలన కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ స్వేదన జలంలో కరిగి కార్బానిక్ ఆమ్లంగా మారడమే దీనికి కారణం. గాలి తగిలిన స్వేదన జలపు పీహెచ్ సుమారు 5.6 వరకు తగ్గుతుంది. నీటిని బాగా మరిగించి, మూత పెట్టి చల్లార్చి వాడితే ఈ దోషం తగ్గుతుంది.

## ప్రాముఖ్యత

### చౌడు నేలలు

తెలుగు రైతులు చౌడు నేలలను పాలచౌడు, కారుచౌడు అని వేరు చేస్తారు. రెండింటిలోను లవణాలు ఉన్నా వాటి రసాయన స్వభావం వేరు. పాలచౌడులో ప్రధానంగా క్లోరైడ్లు, సల్ఫేట్లు ఉంటాయి. ఇవి బలమైన ఆమ్లాల లవణాలు కనుక జలవిశ్లేషణ చెందవు. నేల పీహెచ్ సాధారణంగా 8.5 లోపే ఉంటుంది. మంచి నీరు పెట్టి, మురుగు కాలువల ద్వారా లవణాలను కడిగివేస్తే నేల బాగుపడుతుంది.

కారుచౌడులో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లు ఉంటాయి. కార్బొనేట్ జలవిశ్లేషణ వలన పీహెచ్ 8.5 దాటి, కొన్నిచోట్ల 10 వరకు చేరుతుంది. సోడియం అధికం కావడం వలన బంకమన్ను రేణువులు విడిపోయి నీరు లోపలికి ఇంకదు. కేవలం నీటితో కడిగితే ఇటువంటి నేల బాగుపడదు. అందుచేత జిప్సం (కాల్షియం సల్ఫేట్) వేస్తారు. జిప్సంలోని కాల్షియం, మట్టి రేణువులను అంటిపెట్టుకొన్న సోడియం స్థానంలో చేరుతుంది. కార్బొనేట్‌ను కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది. మిగిలిన సోడియం సల్ఫేట్ దాదాపు తటస్థమైన లవణం, నీటితో కొట్టుకుపోతుంది. పూర్వం చాకలివారు బట్టలు ఉతకడానికి చౌడు మట్టిని వాడడానికి కారణం కూడా అందులోని కార్బొనేట్ క్షార గుణమే.

### నీటి శుద్ధి

బురద నీటిలో పటిక కలిపినపుడు అల్యూమినియం అయాన్ జలవిశ్లేషణ చెంది జిగురు వంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది. ఇది మట్టి రేణువులను చుట్టుకొని అడుగుకు చేరుతుంది. ఈ చర్యలో విడుదలయ్యే హైడ్రోజన్ అయాన్లను నీటిలో సహజంగా ఉన్న బైకార్బొనేట్ స్వీకరిస్తుంది. బైకార్బొనేట్ తక్కువగా ఉన్న నీటిలో పీహెచ్ పడిపోయి శుద్ధి సరిగా జరగదు. అప్పుడు నీటి శుద్ధి కేంద్రాలలో సున్నం గాని, సోడా గాని కలుపుతారు.

### కాగితం

సిరా అలుక్కుపోకుండా కాగితానికి రోజనం, పటిక కలిపి పట్టించే పద్ధతిని జర్మనీకి చెందిన మోరిట్జ్ ఫ్రీడ్రిష్ ఇల్లిగ్ 1807లో ప్రచురించాడు. ఆ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. తరువాతి కాలంలో కాగితం మిల్లులు పటిక బదులు అల్యూమినియం సల్ఫేట్‌ను వాడాయి. కాగితంలోని తేమతో ఈ లవణం జలవిశ్లేషణ చెంది ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను తెంపుతుంది. పందొమ్మిదవ శతాబ్దం మధ్య నుండి ఇరవయ్యవ శతాబ్దం వరకు అచ్చయిన అనేక పుస్తకాలు పసుపుబారి, ముట్టుకుంటే పొడి అయ్యే స్థితికి చేరడానికి ఇది ఒక ముఖ్య కారణం. నాసిరకం కలప గుజ్జు, వేడి, తేమ ఈ నష్టాన్ని పెంచుతాయి. పాత పుస్తకాలను కాపాడడానికి కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్ వంటి క్షార పదార్థాలతో ఆమ్లాన్ని తటస్థీకరిస్తారు. ఇప్పుడు కాల్షియం కార్బొనేట్ కలిపిన క్షార కాగితం విస్తృతంగా తయారవుతున్నది.

### ఎరువులు

అమోనియం సల్ఫేట్ ఎక్కువ కాలం వాడిన నేలలు ఆమ్లంగా మారతాయి. దీనికి జలవిశ్లేషణే కారణమని భావించడం పొరపాటు. అమోనియం జలవిశ్లేషణ వలన కలిగే ఆమ్లం స్వల్పం. నేలలోని సూక్ష్మజీవులు అమోనియంను నైట్రేట్‌గా మార్చే చర్యలో వెలువడే హైడ్రోజన్ అయాన్లే ప్రధాన కారణం.

### అంశమాపనం

అంశమాపనంలో ఆమ్లము, క్షారము సరిగ్గా సరిపోయిన బిందువు వద్ద పాత్రలో మిగిలేది లవణ ద్రావణమే. ఎసిటిక్ ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేసినపుడు సోడియం ఎసిటేట్ మిగులుతుంది కనుక ఆ బిందువు పీహెచ్ 7కు పైన ఉంటుంది. అందుకే 8.2 నుండి 10 మధ్య రంగు మారే ఫినాఫ్తలీన్‌ను వాడతారు. 3.1 నుండి 4.4 మధ్య రంగు మారే మిథైల్ ఆరెంజ్ వాడితే అంతిమ బిందువు ముందే కనిపించి ఫలితం తప్పుతుంది. అమోనియాను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అంశమాపనం చేసినపుడు ఫినాఫ్తలీన్ పనికిరాదు. మిథైల్ రెడ్ వంటి సూచిక కావాలి.

## తరచు జరిగే పొరపాట్లు

- "బలమైన", "గాఢమైన" అనే పదాలను ఒకే అర్థంలో వాడడం. బలం అనగా విడిపోయే స్వభావం, గాఢత అనగా ద్రావణంలో ఉన్న పరిమాణం.
- బలహీన ఆమ్లపు సంయుగ్మ క్షారం బలమైనదని అనుకోవడం. ఎసిటేట్ నీటి కంటే బలమైన క్షారం, అంతేగాని సోడియం హైడ్రాక్సైడ్ వలె బలమైనది కాదు.
- రెండూ బలహీనమైతే ద్రావణం తటస్థమని నిర్ణయించడం. స్థిరాంకాలు సమానమైనపుడు మాత్రమే అది నిజం.
- ఫార్ములాలో హైడ్రోజన్ లేదు కాబట్టి ఆమ్లం కాజాలదని భావించడం. పటిక దీనికి ప్రత్యుదాహరణ.

## ఇవి కూడా చూడండి

- ఆమ్లం
- క్షారం
- లవణం
- తటస్థీకరణం
- పీహెచ్
- బఫర్ ద్రావణం
- పటిక
- చౌడు నేలలు